ఓడ అంచు

సరుకు ఓడ అంచు దాటేదాక
నష్టం అమ్మినోనిది,
దాటినంక కొన్నోనిది
అని ఉన్నది సీనియర్ల జిరాక్సు నోట్సుల.
కింద ఎవరో పెన్సిలుతోని పడవ గీసిన్రు,
దానికి రెండు చక్రాలు పెట్టిన్రు.

ఇంటర్నేషనల్ బిజినెస్ క్లాసుల ఇరవై ముగ్గురం.
సముద్రం చూసింది గుగులోత్ హరిలాల్ ఒక్కడే,
రైల్వే పరీక్ష రాయ విశాఖపట్నం పోయి.
ఎట్లుంటదిరా అంటే
'పాకాల చెరువు అసొంటిదే,
ఆవలి దిక్కు కట్ట పొయ్యడం మర్చిపోయిన్రు' అన్నడు.

బాసని మేడం బోర్డు మీద రాస్తది:
బ్యాంకు సరుకును చూడదు, కాగితాలను చూస్తది.
అక్షరం తప్పితే పైసలు ఆగుతయి.
నేను తలకాయ ఊపుత.
సాయంత్రమైతే నేను రాసేది గూడ కాగితమే,
ఏనుమాముల యార్డుల, చకిలం వాళ్ల అడ్తి దుకాణంల.
తక్‌పట్టీ మీద బస్తాలు, తూకం, రేటు,
హమాలి ఇంత, దడ్వాయి ఇంత, చాట ఇంత,
కమీషను ఇంత,
గీత కొట్టి, కింద మిగిలింది.
ఆ గీత కాడ రైతు వేలు ఆనిచ్చి
మెల్లగ సదువుకుంటడు.
మల్ల మొదటి నుంచి సదువుకుంటడు.

మార్చిల ఒకనాడు
జెండా పాట పద్నాలుగు వేల ఎనిమిదొందలు.
మైకుల చెప్పిన్రు, పేపరోళ్లు రాసుకున్నరు.
ఆ రేటు ఒక్క కుప్పకే వచ్చింది.
మూడు గంటలకు మబ్బు పట్టింది.
ముందుగాల గాలి వచ్చి ఘాటును లేపింది,
యార్డంత ఒక్కసారి తుమ్మింది.
ఎన్క వాన.

గూడూరు దిక్కు నుంచి తెచ్చిన చపాట కాయ,
టమాటల లెక్క బొద్దుగ, ఎర్రగ,
సగం తార్పాలిన్ కింద, సగం బయట.
పాట అయింది, కాంటా కాలేదు.
కాంటా కాలేదు గద, నాది కాదన్నడు ఖరీదుదారు.
పాట అయింది గద, నాది కాదన్నడు రైతు.
ఎవలదీ గాని కాయ
ఊకెనే నానింది.
నా చేతిల పట్టీ. రేటు గడి ఖాళీ.

చీకటి పడ్డంక పదకొండు వేలు రాయమన్నరు.
రాసిన.

సెమిస్టరు పరీక్షల పది మార్కుల ప్రశ్న:
నష్టభారం ఎక్కడ చేతులు మారును? ఉదాహరణతో వివరింపుము.
ఓడ నాకు యాదికి రాలే.
మా ఊర్ల అంచంటే తార్పాలిన్ అంచు అని మొదలువెట్టి
మూడు పేజీలు రాసిన.
చొక్కా చేతుల ఇంకా కాయ పొడి ఉన్నది,
అడిషనల్ షీటు మీద తుమ్మిన.

మేడం అయిదు మార్కులిచ్చింది.
ఏ సగం ఒప్పో చెప్పలే.
పక్కన ఎర్ర సిరతోని:
'పాత రూలు. అంచు తీసేసిన్రు.
ఇప్పుడు ఓడల పెట్టినంకనే కొన్నోనిది.'

అంటే గీతను జరిపిన్రన్నట్టు.
ఏ దేశంలనో, ఏ గదిలనో కూసొని,
చాయ తాగుకుంట కావచ్చు,
అంచు మీదికెల్లి ఓడ లోపలికి,
మా ఇంటి గడప నుంచి అర్ర దాక ఉంటదేమో, అంత.
జరగొచ్చన్నట్టు గీత.
ఇన్నొద్దులు అది రాయి మీద గీసిందనుకున్న.

యార్డుల చాట పట్టి ఊడ్చే ఉప్పలమ్మ
తొడిమెలు ఓ దిక్కు, తాలు కాయ ఓ దిక్కు చేసుకుంట అడిగింది:
'ఏం జెప్తున్రు బిడ్డా మీ సదువుల?'
'సముద్రం మీద సరుకు పంపుడు.'
చాట ఆపింది.
'గన్ని నీళ్ల మీదనా?
కాయ తడువదా?'
నేను నోరు తెరిచేలోపే
ఇంకోటి అడిగింది,
'తడిస్తే ఎవలదే?'